దారం తిరిగే వైపు

నవంబర్ 3

వచ్చింది! ఎనిమిదేళ్ళకి వచ్చింది.

మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతుంటే లైబ్రరీ మేడం ఫోన్ చేసింది. మా గురువారం అల్లిక గుంపు కూర్చునేది ఆవిడ లైబ్రరీ మేడమీదే. ఏటా డిసెంబర్‌లో జరిగే ఊలు సంతకు పెద్దదిక్కు కూడా ఆవిడే. "ఈసారి మీ డిజైనే అండీ. కమిటీలో ఒక్కళ్ళు కూడా కాదనలేదు," అంది. "అలాగా అండీ," అన్నాను, కరెంటు పోయిందని చెబితే అన్నట్టు. ఫోన్ పెట్టేశాక మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్ళీ మొదటినుంచి మడతపెట్టాను.

సంతకి ఏడాదికి ఒక్క డిజైనే తీసుకుంటారు. చిన్న పుస్తకంగా అచ్చు వేస్తారు. ఆ రోజు హాల్లో వచ్చినవాళ్ళంతా అదే మొదలుపెడతారు, డిజైన్ చేసిన మనిషి వేదిక మీద కూర్చుని వరస వరసకీ చెబుతుంది. ఎనిమిదేళ్ళుగా నేను పంపుతూనే ఉన్నాను. ఒకసారి మరీ కష్టంగా ఉందన్నారు. ఒకసారి మరీ తేలిగ్గా ఉందన్నారు. ఒకసారి ఏమీ అనలేదు, అది ఇంకా ఘోరం. కింద కుర్చీలో కూర్చుని వేరేవాళ్ళ డిజైన్లకి చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులకి అల్లిక కన్నా చప్పట్లే ఎక్కువ అలవాటయ్యాయి.

ఈసారి మఫ్లర్. పేరు వానధార. సన్నటి గీతలు ఉబ్బెత్తుగా, గాలివానలో చినుకుల్లా ఒక పక్కకి వాలి ఉంటాయి. ఫొటో చూసే పడిపోయారట. ఫొటో బాగా వచ్చింది మరి.

ఆయనతో చెప్పాను. "అయితే డిసెంబర్ దాకా కుర్చీలో కూర్చునేముందు సూదులున్నాయేమో తడిమి చూసుకోవాలన్నమాట," అన్నారు. సంతోషమే ఆయనకి. అలాగే చెబుతారు.

నవంబర్ 5

వదిన బాత్‌రూంలో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంట్ కట్టు.

పాపం, ఊరి అవతలి చివర ఒక్కతే ఉంటుంది. టెలిఫోన్ ఆపరేటర్‌గా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు ఎడమచేత్తో ఫోన్ నొక్కి తమ్ముణ్ణి పిలవడానికి పావుగంట పట్టిందట. "అక్కని మనింటికి తీసుకొస్తాను," అన్నారాయన. నేనే అందామనుకున్నాను, ఆయన ముందనేశారు. మనం ఉండగా ఆమె ఎక్కడికి పోతుంది?

నా అల్లిక గదే ఖాళీ చేయాలి. కాగితాలు, ఊలు ఉండలు, ఆ స్వెటర్. ముందు స్వెటర్ తీసేయాలి.

నవంబర్ 6

ఆయన స్వెటర్ ఏదని అడిగారు. ఉతకడానికి వేశానన్నాను.

నవంబర్ 7

మళ్ళీ అడిగారు. ఆరలేదన్నాను.

నవంబర్ 9

సరే. నా డైరీలో కూడా నాకు ముసుగెందుకు?

కమిటీకి పంపిన ఫొటో ఆయన స్వెటర్‌ది. వీపు భాగం, బాగా దగ్గర్నుంచి తీశాను. ఆ స్వెటర్ పదిహేనేళ్ళ కిందట వదిన అల్లి ఇచ్చింది. ఫొటోలు పంపడానికి అది ఆఖరి రోజు. నా నమూనా ఇంకా మొదలే కాలేదు. ఎలా ఉండబోతుందో వాళ్ళకి తెలియాలని ఊరికే పంపాను. అయినా స్వెటర్ స్వెటరే, మఫ్లర్ మఫ్లరే. కుట్లు లెక్కపెట్టింది నేను. గ్రాఫు కాగితం మీద వేసింది నేను. మఫ్లర్‌కి సరిపడా మార్చింది నేను. పేరు పెట్టింది నేను. వదినకి డిజైనంటే ఏమిటో కూడా తెలియదు. నిట్ అనదు, పర్ల్ అనదు. ముందు కుట్టు, వెనక కుట్టు అంటుంది. చేతికి ఏది తోస్తే అది అల్లుకుంటూ పోతుంది. కాగితం మీద లేనిది డిజైన్ ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. వదినకి పర్ల్ సరిగ్గా వేయడం నేర్పిందే నేను. పెళ్ళయిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ కిందట. అప్పటిదాకా ఆమె దారాన్ని ఎటు పడితే అటు తిప్పేది. నేను చెప్పాను, నవ్వి దిద్దుకుంది. ఈ స్వెటర్ ఆ తర్వాత అల్లిందే. ఆ లెక్కన చూస్తే దాన్లో నా వాటా కూడా ఉంది.

రాసుకున్నాక కాస్త తేలిగ్గా ఉంది.

నవంబర్ 12

నమూనా కుదరడం లేదు. లెక్క సరిగ్గానే ఉంది. గీతలు ఉబ్బడం లేదు, వాలడం లేదు. ఒక నంబరు సన్న సూదులతో చూశాను. ఊలు మార్చి చూశాను. రెండు కుట్లు కలిపి ఒకటి చేసి బలవంతంగా వాల్చి చూశాను, మెట్లు మెట్లుగా వచ్చింది. స్వెటర్ ఊలు పాతకాలంది, అలాంటిది ఇప్పుడు దొరకదు. అదీ కారణం.

నవంబర్ 15

ఐదుగురికి కాగితం పంపేశాను. అచ్చుకి వెళ్ళేముందు ఇలా పరాయిచేతులతో అల్లించి చూడటం మామూలే. నా చేయి కాస్త బిగుతు. వాళ్ళకి వస్తుందిలే.

నవంబర్ 20

ఒంట్లో బాగాలేదని గుంపుకి వెళ్ళలేదు. వెళ్ళకపోతే ఏం, ఫోన్ ఉందిగా.

ఆ ఐదుగురిలో లెక్కల టీచర్ ఒకావిడ. హైస్కూల్లో పిల్లల్ని ఒక్క మెట్టు కూడా వదలనివ్వదని పేరు. నన్నూ వదల్లేదు.

"ఏమండీ, వానధార అన్నారు. నాకు కిటికీ ఊచలొచ్చాయి," అంది.

"కాస్త బిగించి అల్లి చూడండి."

"అల్లాను. బిగువైన ఊచలొచ్చాయి."

"తడిపి ఆరేస్తే..."

"తడిసిన ఊచలండీ. ఫొటోలో గీత వాలింది. మీ కాగితంలో అది వాలడానికి కారణం ఎక్కడా లేదు. కారణం లేకుండా జవాబు ఎలా వస్తుంది?"

ఫొటో తీసిన వెలుతురు అలాంటిదేమో అన్నాను. "వెలుతురు గీతల్ని వాలుస్తుందా అండీ?" అంది. నాకు ఒళ్ళు మండి, "నా డిజైన్ నాకు తెలియదాండీ!" అని గొంతు పెంచాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన, ఎడమచేతిలో గ్లాసు పట్టుకుని.

"నీళ్ళు తాగుతావేమోనని," అంది.

తాగాను. ఆమె ఏమీ విన్నట్టు లేదు.

నవంబర్ 24

రోజూ పొద్దున వదినకి నేనే తల దువ్వుతున్నాను. ఒత్తయిన జుట్టు ఇప్పటికీ. దువ్వుతున్నంతసేపూ ఎక్స్ఛేంజీ కబుర్లు చెబుతుంది. లైన్లు కలిసిపోయి ఒకళ్ళ పెళ్ళిచూపుల్లోకి ఇంకొకళ్ళ పంటినొప్పి వచ్చి పడిన కథ ఇవాళ చెప్పింది. నవ్వలేక చచ్చాను. ఇంత నవ్వించే మనిషి ఇన్నేళ్ళుగా నాతో ముక్తసరిగా ఎందుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం ఊలు ఉండ చుట్టిపెట్టింది, ఎడమచేత్తోనే, చంకలో ఒక కొస ఇరికించుకుని.

"ఏం అల్లుతున్నావు అమ్మాయ్?"

"ఏదోలెండి వదినా, సంతకి."

"ఓహో."

ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ చెవిన పడుతుంటే మింగేయడం ఆమెకి ముప్పై ఏళ్ళ ఉద్యోగం. ఆ "ఓహో" ఎలాంటి ఓహోనో తెలుసుకోవడం నా వల్ల కాదు.

స్వెటర్‌ని వాషింగ్ మెషిన్‌లోంచి తీసి సూట్‌కేసులో పెట్టాను. సూట్‌కేసులోంచి తీసి మిక్సీ అట్టపెట్టెలో పెట్టాను. ఆయనకి జలుబు చేసింది.

నవంబర్ 28

వదిన నిద్రపోతుంటే మధ్యాహ్నం స్వెటర్ తీసి భూతద్దం పెట్టి చూశాను. పదిహేనేళ్ళు ఉతికిన ఊలు, పైన నూగు లేచి కుట్లు కనబడవు. లోపలివైపు తిప్పి, చంక దగ్గర రాపిడికి నూగు పోయిన చోట చూశాను. వరస విడిచి వరసలో కుట్లు అడుగున మెలికపడి ఉన్నాయి. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నట్టు, అన్నీ ఒకే పక్కకి.

చాలాసార్లు ఉతికిన దానికి అలా అవుతుంది.

నవంబర్ 29

అవుతుంది. ఉతికి ఉతికి. అంతే.

డిసెంబర్ 4

ఇవాళ గుంపుకి వెళ్ళక తప్పలేదు. లైబ్రరీ మేడమీద పొడుగుబల్ల మీద ఐదు మఫ్లర్ ముక్కలు వరసగా పరిచారు. ఐదుగురివీ ఊచలే. జైలు పెట్టొచ్చు.

"పుస్తకం తొమ్మిదో తారీఖున అచ్చుకి వెళ్ళాలండీ," అంది లైబ్రరీ మేడం. "ఫొటోలో ఉన్న అసలు ముక్క ఒకసారి తెస్తే అందరం కలిసి చూద్దాం."

"అది... పురుగు కొట్టేసిందండీ," అన్నాను. నోరు దానంతటదే చెప్పేసింది.

"అయ్యో, మొత్తమా?"

"మొత్తం."

సరిగ్గా అప్పుడే నన్ను తీసుకెళ్ళడానికి ఆయన మెట్లెక్కి వచ్చారు. కోటు గుండీలు విప్పి ఉన్నాయి. లోపల స్వెటర్. పురుగు కొట్టేసిన స్వెటర్ దర్జాగా నడిచొచ్చింది. మిక్సీ పాడైందేమోనని అట్టపెట్టె తీశారట! ఒక్క గెంతులో వెళ్ళి కోటు గుండీలు గడ్డం దాకా పెట్టేశాను.

"చలి, చలి," అన్నాను.

ఆ గదిలో హీటరు ఉంది. ఆయన నుదుటి మీద చెమట కారిపోతోంది. అయినా మనిషి కదలకుండా నిలబడి, "అవును, బాగా చలి," అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఇంతగా ఎప్పుడూ మెచ్చుకోలేదు. లెక్కల టీచర్ మాత్రం కోటు చేతిలోంచి బయటికొచ్చిన స్వెటర్ అంచునే చూస్తోంది.

దారిలో అడిగారు. "అది అక్క అల్లింది కదూ?"

"అవును."

"మరి?"

"మరేం లేదు."

ఇంటి ముందు కోటు గుండీలు ఆయనే మళ్ళీ పైదాకా పెట్టుకుని లోపలికి వచ్చారు. దానికి నాకు ఏడుపొచ్చింది.

డిసెంబర్ 7

ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి ముందు రాసినట్టు జరగలేదు.

ఇంట్లో చుట్టాలున్నారు, పదిమంది ఆడవాళ్ళు. నాకు ఇరవై ఒకటి. ఆ ఇంట్లో వంట వదినదే బాగుందంటారు, పాట వదినదే బాగుందంటారు, తమ్ముడికి ఏం ఇష్టమో కూడా వదినకే తెలుసు. నేను ఒక మూల ముడుచుకుని కూర్చున్నాను. వదిన అల్లుతోంది. చూస్తే దారం సూది కిందినుంచి తోడుతోంది. నాకు అల్లిక నేర్పిన టీచరమ్మ బెత్తం పెట్టి మాన్పించిన తప్పు అది. నాకు ప్రాణం లేచొచ్చింది. "వదినా, మీ దారం తప్పు వైపు తిరుగుతోంది!" అని గదంతా వినబడేలా అన్నాను. అందరూ నవ్వారు. "ఇన్నేళ్ళూ తప్పే అల్లావా?" అని ఒకావిడ. వదిన కూడా నవ్వింది. "నేర్పమ్మా మరి," అంది. నేర్పాను. సూదిమీద ఉన్నదంతా విప్పించి మరీ నేర్పాను.

అది చంటిపిల్లల స్వెటర్. సగం పైనే అయింది. విప్పించాను.

ఆ తర్వాత వదిన నా ఎదుట రెండు వరసలకి మించి అల్లగా నేను చూడలేదు.

భూతద్దంలో చూసిన రోజే నాకు తెలుసు అది ఉతుకు వల్ల కాదని.

డిసెంబర్ 9

లైబ్రరీ మేడం ఫోన్ చేసి ఇవాళే అచ్చుకి వెళ్ళాలంది. పంపేశాను. ఊచల మఫ్లరే, వానధార పేరుతో, నా పేరుతో.

డిసెంబర్ 12

వదినకి తల దువ్వుతుంటే చెబుదామనుకున్నాను. చిక్కులు ఎక్కువగా ఉన్నాయి, కుదరలేదు.

డిసెంబర్ 14

ఇవాళ చిక్కులు కూడా లేవు.

డిసెంబర్ 16

కట్టు తీసేశారు. చేయి సన్నగా, పొట్టు లేచి, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. వేళ్ళు మడవడానికి రబ్బరు బంతి ఇచ్చి రోజుకి మూడుసార్లు పిసకమన్నారు. ఇంటికొచ్చి వదిన రెండుసార్లు పిసికి బంతిని సోఫా కిందికి దొర్లించేసింది.

"ఇది నా వల్ల కాదు. సూదులియ్యి."

నా దగ్గర ఖాళీ సూదులు లేవు. ఉన్నవాటి మీద వానధార నమూనా పన్నెండు వరసలు. అది తప్ప ఏదైనా ఇద్దామని అటూ ఇటూ చూశాను. వదిన చేయి చాపే ఉంచింది. ఇచ్చాను.

ముందు వరస నెమ్మదిగా వేసింది, ప్రతి కుట్టుకీ మూలుగుతూ. తిప్పి వెనక వరస మొదలుపెట్టింది. దారం సూది కిందినుంచి వెళ్ళింది. మేమందరం పైనుంచి తిప్పుతాం. వదిన కిందినుంచి తోడుకుంటుంది, అంతే తేడా. ఆ కుట్టు అడ్డంగా తిరిగి కూర్చుంటుంది, తర్వాతి వరసలో మెలికపడి బిగుస్తుంది, ఒక పక్కకి వాలుతుంది. నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది వరసలకి గంట పట్టింది. నా పన్నెండు వరసల ఊచల పైన ఎనిమిది వరసల వాన పడింది.

"వదినా, నేను చెప్పాక మీరు మార్చుకున్నారు కదా?"

"నీ ఎదుట మార్చుకున్నాను. ఇంటికెళ్ళి నాలాగే వేసుకునేదాన్ని."

"మరి నాతో అనలేదేం?"

"ఏమంటాను? అంత సంబరంగా నేర్పావు. కొత్తగా వచ్చిన పిల్లవి. ఆ ఇంట్లో నాకు తెలియనిది నీకు తెలిసింది అదొక్కటే. అది కూడా కాదంటే నీకేం మిగులుతుంది?"

అంతా ఒకేసారి నోట్లోంచి వచ్చేసింది. ఫొటో మీ స్వెటర్‌ది వదినా అన్నాను. పుస్తకం నా పేరుతో అచ్చయిపోయిందన్నాను. పురుగు కొట్టేసిందని అబద్ధం చెప్పానన్నాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నీళ్ళు తెచ్చిన రోజు నుంచి. అయినా మిక్సీ పెట్టెలో స్వెటర్ దాస్తారా ఎవరైనా? ఇంట్లో వాళ్ళు మిక్సీ వాడరనుకున్నావా?"

"మరి అడగలేదేం?"

"ఆపరేటర్నమ్మా. అవతలివాళ్ళు మాట్లాడేదాకా లైను పట్టుకుని ఉండటమే మా పని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం రాలేదా అని అడిగాను. వచ్చిందంది. నా డిజైన్ నాకు తెలియదా అని అరిచినప్పుడు ఆ సిమెంటు కట్టుతో నెత్తిమీద ఒక్కటి ఇద్దామనుకుందట. "ఆ రోజు అందరూ నవ్వినప్పుడు మాత్రం బాధేసింది. ఆ చంటిపిల్ల స్వెటర్ మా స్నేహితురాలి కూతురికి. మళ్ళీ మొదటినుంచి అల్లాను," అంది.

ఆ సన్నటి చేయి పట్టుకుని ఏడ్చాను. క్షమించమన్నాను. ఇరవై రెండేళ్ళదీ, ఈ నెలదీ కలిపి.

"ఏడిస్తే ఏడువు కానీ ఊలు తడపకు," అంది.

డిసెంబర్ 17

పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళాను. మేడం నేను చెప్పిందంతా కళ్ళజోడు తీసి విన్నది. అయ్యాక మళ్ళీ పెట్టుకుంది.

"మూడు వందల పుస్తకాలు కింద గదిలో ఉన్నాయి," అంది.

"నన్ను తీసేయండి. ఇంకేదైనా డిజైన్ పెట్టండి."

"నాలుగు రోజుల్లో ఎక్కణ్ణుంచి తేను? మీ వదినగారి చేయి వేదిక మీద పది వరసలైనా ఆడుతుందా?"

"నెమ్మదిగా ఆడుతుంది."

"అయితే ఆవిడ చూపిస్తారు. మీరు పక్కన కూర్చుని అందరిలాగే నేర్చుకోండి. ఏం జరిగిందో మాత్రం మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెప్పను." తలుపు దాకా వచ్చి, "సంత అయ్యాక కాకుండా ముందు చెప్పారు. అందుకే ఇంకా మిమ్మల్ని అండీ అంటున్నాను," అంది.

ముఖం కొట్టేసినట్టయింది. కానీ మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి.

మధ్యాహ్నమంతా ఆయనా నేనూ లైబ్రరీ కింద గదిలో కూర్చుని మూడు వందల పుస్తకాలకి చీటీలు అంటించాం. డిజైన్ అన్నచోట వదిన పేరు. కింద, కాగితం మీద రాసింది అని నా పేరు. ఇంకో చీటీ మీద, వెనక కుట్టుకి దారం కిందినుంచి తీసుకోవాలి అని ఒక్క వాక్యం. ఆయన అంటించినవన్నీ వంకర.

"వాన వాలాలి కదా," అన్నారు.

వదిన ముందు రానంది. "ముప్పై ఏళ్ళు ఈ ఊరు నా గొంతు విన్నది కానీ ముఖం చూడలేదు. ఇప్పుడెందుకు?" తర్వాత, "ఆదివారం జడ బిగించి వెయ్యి," అంది.

డిసెంబర్ 21

సంత. బయట ఆవరణలో రెండు గొర్రెలు తెచ్చారు, ఉన్ని కత్తిరించి చూపించడానికి. ఒక గొర్రె పక్క దుకాణంలో ఊలు కట్టకి తగిలించిన కాగితం చీటీ తినేసింది. వరండా అంతా రంగురంగుల ఊలు వేలాడుతోంది, రాట్నాలు తిరుగుతున్నాయి. ఎనిమిదేళ్ళుగా ఇవన్నీ చూస్తున్నాను. ఇవాళ ఏదీ సరిగ్గా కనబడలేదు.

హాలు నిండిపోయింది. మైకు నా చేతికిచ్చారు. రాసుకెళ్ళిన కాగితం చదవలేకపోయాను. "మీరు ఫొటోలో చూసింది నేను అల్లింది కాదు. మా వదిన అల్లింది. ఆమెని అడగకుండా, ఆమె పేరు చెప్పకుండా నాదని పంపాను. పురుగు కొట్టిందన్నది కూడా అబద్ధం. అదిగో, మా ఆయన ఒంటి మీదుంది," అన్నాను. వెనక వరసలో ఆయన లేచి నిలబడి కోటు విప్పి అటూ ఇటూ తిరిగారు. ఒకళ్ళిద్దరు నవ్వారు. మిగిలినవాళ్ళు నవ్వలేదు. గుంపులో నాకు బాగా తెలిసిన ముఖాలు కొన్ని కిందికి వంగాయి. వంగనీ. అది నాకు రావలసిందే.

వదిన సూదులు అందుకుంది. ఆమె చేతుల్ని వెనక తెర మీద పెద్దగా చూపించారు. గొంతు మాత్రం ఎక్స్ఛేంజీ గొంతు, ఒక్క మాట కూడా తడబడలేదు. "ఇప్పుడు వెనక కుట్టు. దారం పైనుంచి వెళ్ళిపోతానంటుంది, వెళ్ళనివ్వకండి. కిందినుంచి తోడుకోండి." హాలంతా తలలు వంచి తోడుకుంటోంది. నేనూ పక్క కుర్చీలో సూదులు పట్టుకుని కూర్చున్నాను. నాకు రావడం లేదు! ముప్పై ఏళ్ళుగా పైనుంచి తిప్పిన చేయి. మూడు కుట్లు కిందినుంచి తోడితే నాలుగోది పైనుంచి వెళ్ళిపోతోంది. వదిన తర్వాత వరసకి వెళ్ళింది, నేను ఇంకా ఇక్కడే ఉన్నాను.

ముందు వరసలోంచి లెక్కల టీచర్ లేచింది. మెట్టు వదలదుగా. "ఏమండీ, మీ దారం తప్పు వైపు తిరుగుతోంది!" అంది, హాలంతా వినబడేలా.

ఈసారి అందరూ నవ్వారు.

అదే మాట. పిలుపు తప్ప ఒక్క అక్షరం కూడా మారలేదు. సూదులు పక్కన పెట్టేసి పారిపోదామనిపించింది. వదిన పెదాల మీద ఆ రోజు నవ్వు ఎలా వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు. మైకు ఆమె దగ్గరే ఉంది. అనాలంటే ఆమె ఏమైనా అనొచ్చు.

"తప్పు వైపేం కాదండీ," అంది వదిన. "అది మా మరదలి వైపు. నా వైపు రావడానికి కాస్త టైం పడుతుంది, మీరు కానివ్వండి."

మైకు పక్కన పెట్టి, సరిగ్గా మడతపడని ఆ వేళ్ళతో నా చూపుడువేలు పట్టుకుని దారం కిందినుంచి తీయించింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది కూడా.

డిసెంబర్ 27

వదినని నిన్న వాళ్ళింట్లో దింపి వచ్చాం. గది మళ్ళీ నాదైంది, ఊలంతా తెచ్చి సర్దుకున్నాను. ఆమె కూర్చున్న కుర్చీ కిటికీ దగ్గరే ఉంచాను. గురువారాలు మా గుంపుకి వస్తానంది. మొన్న గుంపులో ఇద్దరు నాతో మాట్లాడలేదు. వాళ్ళ పక్కనే కూర్చుని నా పని నేను చేసుకున్నాను.

ఆయన స్వెటర్ విప్పడం లేదు. ఉతకాలి ఇవ్వండంటే, "ఉతుకు అంటే ఎన్నాళ్ళో నాకు తెలుసు," అంటున్నారు.

మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని ముప్పై వరసలు అల్లాను. మొదటి ఇరవై ఆరూ ఊచలు. చివరి నాలుగూ తిప్పి తిప్పి చూసుకున్నాను, వెలుతురులో పెట్టి చూసుకున్నాను. ఫోన్ తీశాను.

"వదినా, వాన మొదలైంది."

"ఎటు వాలుతోంది?"

"మీ వైపే."